పదేళ్ళ పాపకు ఒకవైపు రొమ్ములో గడ్డ: కోయించబాకండి

అమ్మా, మీ పాపకు పదేళ్ళు నిండి నాలుగు నెలలయిందని, ఎడమవైపు చనుమొన కింద చింతగింజంత గట్టిగా చేతికి తగులుతోందని, బ్యాగు పట్టీ ఒత్తుకున్నా నొప్పి అంటోందని, కుడివైపు ఏమీ లేదని రాశారు. మీ అత్తగారు వేడిగడ్డ అని పసుపు సున్నం పట్టు వెయ్యమంటున్నారు. కావలిలో స్కానింగు చేయిస్తే రిపోర్టు చూసిన ఒకాయన చిన్న ఆపరేషనుతో తీసేద్దాం అన్నారు. మీ పిన్నమ్మ రొమ్ము క్యాన్సరుతో పోయింది కాబట్టి మీకు నిద్ర పట్టడం లేదు.

ముందు ఒక్క మాట మనసులో గట్టిగా పెట్టుకోండి. దాన్ని కోయించబాకండి. ముక్క తీసి పరీక్షకు పంపుతామన్నా, సూదితో లాగుతామన్నా ఇప్పుడే ఒప్పుకోబాకండి. ఈ వయసులో, ఆ చోట, ఆ తీరున ఉన్నది దాదాపు ఎప్పుడూ గడ్డ కాదు. అది మీ పాప రొమ్మే. ఇప్పుడే మొలకెత్తుతోంది.

ఆడపిల్లలకు 8 నుంచి 13 ఏళ్ళ మధ్య ఎప్పుడైనా రొమ్ము పెరగడం మొదలవుతుంది. అది మొదటినుంచీ మెత్తగా, గుండ్రంగా పెరుగుతుందనుకుంటాం. అలా జరగదు. చనుమొనకు సరిగ్గా కింద, నల్లటి వలయం దాటకుండా, చిన్న బిళ్ళలా గట్టిగా మొదలవుతుంది. అడ్డం 1 సెంటీమీటరు నుంచి 2 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, అంటే పెద్దదైతే రూపాయి నాణెమంత. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి అండాశయాలను పనిలోకి దించుతుంది, అండాశయాలు ఈస్ట్రోజెన్ హార్మోనును వదులుతాయి, ఆ హార్మోనుకు పాలనాళాల మొదళ్ళు చిక్కబడి పెరుగుతాయి. కొత్తగా పెరిగే కణజాలం చర్మం కింద సాగుతుంది కాబట్టి తగిలితే నొప్పి. నొప్పి ఉండటం ఇక్కడ మంచి గుర్తే గానీ చెడ్డ గుర్తు కాదు.

మరి ఒకవైపే ఎందుకు? హార్మోను నెత్తురులో రెండువైపులకూ సమానంగానే పోతుంది, కానీ రెండువైపుల కణజాలం ఒకేరోజు స్పందించదు. చాలామంది పిల్లలకు ఒకవైపు ముందు వస్తుంది. రెండోది మామూలుగా ఆరు నెలల్లోపు వస్తుంది, కొందరికి ఏడాది కూడా పట్టొచ్చు. ముందు వచ్చిన వైపు కొన్నాళ్ళు పెద్దగా కనిపిస్తుంది, తర్వాత రెండోది అందుకుంటుంది. చివరికి చాలామంది ఆడవాళ్ళకు రెండు రొమ్ములూ కొద్ది తేడాతోనే ఉంటాయి.

ఇక కోత సంగతి. ఈ బిళ్ళ రొమ్ముకు విత్తనం. రేపు పెరగాల్సిన రొమ్మంతా ఈ ఒకటి రెండు సెంటీమీటర్ల కణజాలం నుంచే వస్తుంది. దాన్ని తీసేస్తే ఆ వైపు ఇక రొమ్ము రాదు. కొంత భాగం తీసినా, అందులో చీము కోసమని లోతుగా గాటు పెట్టినా, ఆ వైపు వంకరగానో చిన్నగానో పెరుగుతుంది. పదేళ్ళప్పుడు పదిహేను నిమిషాల్లో అయిపోయే ఆపరేషను, ఆ పిల్లకు పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి ప్లాస్టిక్ సర్జరీతో తప్ప సరిచెయ్యలేని లోపంగా మిగులుతుంది. పిల్లల వైద్యంలో కచ్చితంగా పాటించే నియమాల్లో ఇదొకటి: యుక్తవయసు మొదలవుతున్న పిల్లకు చనుమొన కింది బిళ్ళ మీద కత్తి పెట్టకూడదు.

మంచి డాక్టరు కూడా కోద్దాం అని ఎందుకు అంటారో చెబుతాను, ఎందుకంటే తప్పు ఎక్కువగా రిపోర్టు దగ్గరే మొదలవుతుంది. అల్ట్రాసౌండులో ఈ మొలక చుట్టూ ఉన్న కొవ్వుకన్నా నల్లగా కనిపిస్తుంది. రిపోర్టు రాసేవారు రోజంతా పెద్దవాళ్ళ రొమ్ములు చూసేవారైతే, చీటీ మీద పాప వయసు సరిగా లేకపోతే, ‘చనుమొన వెనక హైపోఎకోయిక్ లీజన్ (నల్లగా కనిపించే తేడా భాగం), 14 బై 7 మిల్లీమీటర్లు’ అని రాస్తారు. లీజన్ అన్న మాట చూడగానే సర్జను గారికి తీసెయ్యాలనిపిస్తుంది. మీ రిపోర్టులోనూ ఇలాంటి మాటే ఉండుంటుంది. దాన్ని చింపెయ్యబాకండి, దాచండి. కానీ దాన్నిబట్టి ఆపరేషను తేదీ మాత్రం తీసుకోబాకండి. మళ్ళీ స్కానింగు అవసరమైతే చీటీ మీద మూడు సంగతులు రాయించండి: పాప వయసు, ఇంకా పెద్దమనిషి కాలేదని, రొమ్ము మొలకా మరొకటా తేల్చమని. రెండువైపులా చూడమని అడగండి. కుడివైపు పైకి ఏమీ కనబడకపోయినా, లోపల చిన్న మొలక స్కానింగులో కనిపిస్తే అనుమానం అక్కడే తీరిపోతుంది.

మామోగ్రాం మాత్రం చేయించబాకండి. చిన్న వయసులో రొమ్ము కణజాలం చిక్కగా ఉండి ఎక్స్‌రేలో అంతా తెల్లగా కనిపిస్తుంది, గడ్డ ఉన్నా దొరకదు. రేడియేషను తగలడమే మిగులుతుంది.

ఇంట్లో మీరు ఒకసారి చూసుకోవచ్చు. ముందు పాపకు చెప్పి, తను సరేనన్నాకే. వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమ చెయ్యి తలకింద పెట్టుకోమనండి. మూడు వేళ్ళ మెత్తటి భాగం ఆనించి చుట్టూ నెమ్మదిగా తిప్పండి. వేళ్ళ కొసలతో గుచ్చితే అన్నీ గడ్డల్లాగే తగులుతాయి. చూడాల్సింది ఇది: బిళ్ళ మొనకు సరిగ్గా కిందే ఉందా, పక్కకుందా? వేలితో కదిపితే మొనతో పాటు కదులుతోందా? మీద చర్మం మామూలుగా ఉందా? చంకలో ఏమన్నా తగులుతోందా? తర్వాత క్యాలెండరు మీద తేదీ వేసి, ఎంత ఉందో రాసి పెట్టుకోండి. మళ్ళీ నెల తర్వాత చూడండి, ఆ తర్వాత మూడు నెలలకొకసారి చాలు. రోజూ నొక్కి చూస్తే నొప్పి పెరుగుతుంది, ఆ నొప్పిని చూసి మీ భయం పెరుగుతుంది. చుట్టాలందరూ తలా ఒకసారి తడిమి చూడటం అస్సలు వద్దు.

కాస్త బొద్దుగా ఉన్న పిల్లకైతే కొవ్వా, మొలకా అన్న అనుమానం వస్తుంది. కొవ్వు మెత్తగా ఉండి మొన కింద ఖాళీగా తగులుతుంది. మొలకకు మాత్రం అంచు తెలుస్తుంది. నిలబెట్టి చూస్తే తెలియదు, పడుకోబెట్టే చూడాలి.

ఇవేవీ మీరు రాసినదాంట్లో లేవు గానీ, ఈ కింద చెప్పేవాటిలో ఒక్కటి కనబడినా ఆలస్యం చెయ్యకూడదు. ఎర్రబడి, వేడిగా, జ్వరంతో సలుపుతుంటే చీము పడుతోందని అర్థం, ఆరోజే చూపించండి. ఎక్కువసార్లు ఇది గోళ్ళతో గీరుకున్న చోటునుంచి, పురుగు కుట్టిన చోటునుంచి స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా దూరడం వల్ల వస్తుంది. మొదట్లోనే యాంటీబయాటిక్ పడితే తగ్గిపోతుంది. చీము చేరినా సన్న సూదితో లాగమని అడగండి. మొలక ఉన్న చోట సూదికి ఒప్పుకోవాల్సిన సందర్భం ఇదొక్కటే, అదీ కోతకన్నా దానికి తక్కువ దెబ్బ కాబట్టి. మొననుంచి నెత్తురు కారడం, చర్మం లోపలికి గుంటపడటం, గడ్డ రాయిలా ఉండి అడుగున అతుక్కుపోయినట్టు కదలకపోవడం, మొనకు దూరంగా వేరే గడ్డ ఉండటం, నెల నెలకు స్పష్టంగా పెద్దదవడం, చంకలో బిళ్ళలు తగ్గకుండా ఉండటం, ఇవైతే ఆ వారంలోనే చూపించాలి. పాపకు ఇంతకుముందు వేరే క్యాన్సరు వచ్చి ఉన్నా, ఛాతీకి రేడియేషన్ ఇచ్చి ఉన్నా ఏ చిన్న గడ్డనైనా వెంటనే చూపించాలి. చంక బిళ్ళల విషయంలో మన దగ్గర టీబీని కూడా మరిచిపోకూడదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండటం, వీటిలో ఏదున్నా డాక్టరుకు మీరే ముందు చెప్పండి.

ఎవరికి చూపించాలి? మొదట పిల్లల డాక్టరుకు. సర్జను దగ్గరకు నేరుగా పోవద్దు. కావలి ఏరియా ఆసుపత్రిలో పిల్లల డాక్టరు ఉన్నరోజు కనుక్కుని పోండి. లేదంటే నెల్లూరు దర్గామిట్టలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి పిల్లల విభాగం ఉంది. ఒంగోలు వైపు వాళ్ళకు అక్కడ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. ప్రైవేటుకు పోవాలనుకుంటే నెల్లూరు పొగతోటలో పిల్లల డాక్టర్లకు కొదవ లేదు. మన జిల్లాల్లో ఏ చిన్న భయం పుట్టినా పినాకిని రైలెక్కి చెన్నై పోవడం అలవాటు. ఈ పనికి చెన్నై అక్కర్లేదు. చేత్తో తడిమి చూసి, ఎత్తు బరువు కొలిచి, మూడు నెలలకు మళ్ళీ రమ్మనే డాక్టరు చాలు. ఈ నెలలో ఒకసారి చూపించండి, కానీ రేపే పరుగెత్తాల్సిన పని లేదు.

పరీక్ష చేసేటప్పుడు మీరు పక్కనే ఉండండి. మగ డాక్టరైతే నర్సు కూడా గదిలో ఉండాలి, అది అడిగి తీసుకోవాల్సిన హక్కు. పాప పుట్టిన తేదీ, స్కానింగు రిపోర్టుతో పాటు ఫిల్ము, ఈమధ్య వాడిన మందుల చీటీలు తీసుకుపోండి. మందులెందుకంటారా, వాంతులకు వాడే డోంపెరిడోన్ లాంటివి ప్రోలాక్టిన్ హార్మోనును పెంచి రొమ్ములో నొప్పి, పాలలాంటి నీరు తెప్పించగలవు. ఇంట్లో పెద్దవాళ్ళ హార్మోను మాత్రలు, క్రీములు పాప చేతికి అందే చోట ఉంటే అది కూడా చెప్పండి.

నొప్పికి పెద్ద మందులు అక్కర్లేదు. మెత్తటి నూలు షిమ్మీ వేసి, దాని మీద యూనిఫాం వెయ్యండి. నొప్పంతా గుడ్డ రాపిడికీ, బ్యాగు పట్టీకీ వస్తుంది. పరుగుపందెం, కబడ్డీ ఉన్నరోజు కాస్త బిగువైన బనియన్ వెయ్యొచ్చు, కానీ గుడ్డ చుట్టి బిగించి కట్టడం వద్దు. బాగా నొప్పన్నరోజు చల్లటి తడిగుడ్డ పది నిమిషాలు. అప్పటికీ తగ్గకపోతే పారాసిటమాల్, కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 30 కిలోల పాపకు పూటకు 300 నుంచి 450 మిల్లీగ్రాములు. సిరప్‌లో పొరపాటు జరిగే చోటు ఒకటుంది: 5 ఎంఎల్‌లో 120 లేదా 125 మిల్లీగ్రాములుండే సీసా, 250 మిల్లీగ్రాములుండే సీసా చూడ్డానికి ఒకేలా ఉంటాయి. 250 ఉన్నదైతే 6 నుంచి 9 ఎంఎల్. ఆరు గంటల ఎడం ఉండాలి, రోజుకు నాలుగుసార్లు దాటకూడదు. ఆస్పిరిన్ పిల్లలకు వెయ్యకూడదు.

పసుపు సున్నం గురించి మీ అత్తగారికి మర్యాదగానే చెప్పండి, ఆమె బాధ కూడా పాప గురించే. సున్నం ఆ లేత చర్మాన్ని కాలుస్తుంది. పొక్కి పుండయితే అక్కడే చీము పట్టే దారి తెరుచుకుంటుంది, అప్పుడు నిజంగానే కోత దాకా వస్తుంది. ఉమ్మెత్త ఆకు వెచ్చజేసి కట్టడం ఇంకా ప్రమాదం. ఆ రసం చేతికంటి కంట్లోకో నోట్లోకో పోతే పాప స్పృహ తప్పేదాకా రావచ్చు. వాతలు పెట్టించడం గురించి వేరే చెప్పాలా. వేడి చేసిందని కోడిగుడ్డు, చేపల పులుసు, మామిడిపండు మాన్పించడం కూడా వద్దు. ఈ రెండు మూడేళ్ళలోనే పాప గబగబా ఎత్తు పెరుగుతుంది, గుడ్డు, పాలు, పప్పు, వేరుశనక్కాయలు, ఆకుకూర ఇప్పుడే ఎక్కువ కావాలి. ఫారం కోడికి హార్మోను ఇంజక్షన్లు ఇస్తారు కాబట్టి పిల్లలు తొందరగా ఎదుగుతారని అంటుంటారు. ఆ కోడి ఆరు వారాల్లో పెరిగేది జాతిని బట్టి, దాణాని బట్టి. పిల్లలు తొందరగా ఎదగడానికి గట్టిగా ముడిపడి ఉన్నది ఒంటి బరువు ఎక్కువవడం.

పాపతో ఏం మాట్లాడారో మీరు రాయలేదు. నా దృష్టిలో మందులకన్నా ఇది ముఖ్యం. మీ మొహంలో భయం చూసి పాప తనకేదో జబ్బు వచ్చిందనుకుంటుంది. ‘నువ్వు పెద్దవుతున్నావమ్మా, అందరికీ ఇలాగే మొదలవుతుంది, నాకూ ఇలాగే వచ్చింది, రెండోవైపు కూడా వస్తుంది, నొప్పి కొన్నాళ్ళకు పోతుంది’ అని ఈ నాలుగు మాటలూ చెప్పండి. మొలక కనబడ్డాక పెద్దమనిషి అవడానికి సగటున రెండు, రెండున్నరేళ్ళు పడుతుంది, కాబట్టి నెలసరి గురించి చెప్పడానికి మీకు తీరిక ఉంది. అయినా ఆ సంగతి పదకొండు నిండేలోపే చెప్పెయ్యండి, కొందరికి ముందే వస్తుంది. ఎవరైనా చెయ్యి వేసినా, తడిమినా మీకు చెప్పాలని కూడా ఈ సందర్భంలోనే చెప్పండి.

ఇదే బిళ్ళ 8 ఏళ్ళు నిండకముందు కనబడితే లెక్క వేరు. అప్పుడు పిల్లల హార్మోను డాక్టరుకు చూపించాలి. ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు, నెత్తురులో హార్మోన్లు, థైరాయిడ్ చూస్తారు. ఎత్తు ఉన్నట్టుండి పెరగడం, వెంట్రుకలు రావడం, తెల్లబట్ట, నెలసరి, వీటిలో ఏదన్నా తోడైతే వెంటనే పోవాలి, ఎందుకంటే ఎముకలు తొందరగా ముదిరితే ఎత్తు ఆగిపోతుంది. రెండేళ్ళలోపు పిల్లలకు మాత్రం మరే గుర్తూ లేకుండా వచ్చే చిన్న రొమ్ము చాలాసార్లు తనంతట తనే తగ్గుతుంది, ఒకసారి చూపించి కనిపెట్టుకుని ఉండటమే. పుట్టిన బిడ్డకు, ఆడైనా మగైనా, తల్లి హార్మోను వల్ల రొమ్ములు ఉబ్బుతాయి. నీళ్ళు పోసేటప్పుడు వాటిని పిండి పాలు తీసే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది, దానివల్లే చీము పడుతుంది. ముట్టుకోకుండా ఉంటే కొన్ని వారాల్లో పోతాయి. పదమూడేళ్ళు నిండినా రొమ్ము మొదలవకపోతే అప్పుడు కూడా డాక్టరుకు చూపించాలి.

ఇంటర్ చదివే పిల్లల తల్లులు కూడా ఇది చదువుతారు కాబట్టి వాళ్ళకోసం కొంచెం. పెద్దమనిషి అయిన తర్వాత, 15 నుంచి 20 మధ్య వచ్చే గడ్డ ఎక్కువసార్లు ఫైబ్రోఅడినోమా. నొప్పి ఉండదు, నున్నగా, రబ్బరులా ఉండి వేలికింద జారిపోతూ తిరుగుతుంది. మామూలుగా 2, 3 సెంటీమీటర్లుంటుంది. నెలసరి అయిపోయిన వారం లోపల చూసుకోవాలి. ముందు రోజుల్లో రొమ్మంతా ఉండలుగా, నొప్పిగానే ఉంటుంది కాబట్టి అప్పుడు చూస్తే తేడా తెలియదు. అల్ట్రాసౌండు ఒక్కటి చాలు. రిపోర్టులో బైరాడ్స్ (రొమ్ము స్కానింగుకు వేసే అంకె) 3 అని ఉంటే గుండె ఆగినంత పని అక్కర్లేదు, అది ఆరు వరకు పోయే కొలతలో ‘దాదాపు ఖాయంగా మామూలు గడ్డే, కనిపెట్టుకుని ఉండండి’ అనే మెట్టు. ఆరు నెలలకొకసారి స్కానింగుతో రెండేళ్ళు చూస్తారు. కొన్ని అలాగే ఉండిపోతాయి, కొన్ని తగ్గిపోతాయి. 5 సెంటీమీటర్లు దాటినా, కొద్ది నెలల్లోనే రెట్టింపైనా తియ్యాలి, ఎందుకంటే ఫిల్లోడిస్ అనే మరో రకం గడ్డ అలాగే గబగబా పెరుగుతుంది. ఈ వయసుకు ఆపరేషను తప్పు కాదు, నల్లటి వలయం అంచున కోస్తే మచ్చ కూడా పెద్దగా కనబడదు. గడ్డను కరిగించే మాత్ర అంటూ ఏదీ లేదు, విటమిన్ ఇ గోళీలకు నెలల తరబడి డబ్బు పెట్టబాకండి. ఆపరేషను దాకా వస్తే ఎన్టీఆర్ వైద్యసేవ పథకం ఉన్న ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్ళ దగ్గర, ఆ ఆపరేషను అందులో వస్తుందో లేదో చేరకముందే అడగండి.

చివరగా మీ పిన్నమ్మ సంగతి. ఇరవై ఏళ్ళలోపు పిల్లల్లో రొమ్ము క్యాన్సరు అత్యంత అరుదు. కుటుంబాల్లో నడిచే బీఆర్‌సీఏ జన్యువుల లోపం ఉన్నా, అది పదేళ్ళ పిల్లకు రొమ్ము క్యాన్సరు తేదు, పిల్లలకు ఆ జన్యు పరీక్ష చెయ్యరు కూడా. ఆ ప్రశ్న మీ పాపకు కాదు, మీకు. మీ పిన్నమ్మకు 50 ఏళ్ళలోపే వచ్చిందా, మీ అమ్మ వైపు ఇంకెవరికైనా రొమ్ము క్యాన్సరు గానీ అండాశయ క్యాన్సరు గానీ ఉందా అని కనుక్కోండి. ఉంటే తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి లాంటి చోట క్యాన్సరు విభాగంలో ఒకసారి మాట్లాడండి. లేకపోయినా, మీకు 30 దాటితే ఊళ్ళో ఏఎన్ఎమ్ దగ్గర బీపీ, షుగరుతో పాటు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ఉచితంగా చేస్తారు. పాపను డాక్టరుకు చూపించే నెలలోనే మీరూ ఆ పరీక్ష చేయించుకోండి.